తిలక్‌కు బెయిల్ ఇచ్చిన ముస్లిం జడ్జి బద్రుద్దీన్ త్యాబ్జీ

1897 ఆగస్టు 4న బొంబాయి హైకోర్టులో జస్టిస్ బద్రుద్దీన్ త్యాబ్జీ ముందుకు ఒక బెయిల్ దరఖాస్తు వచ్చింది. నిందితుడు బాల గంగాధర్ తిలక్. ఆరోపణ రాజద్రోహం. అప్పటికే మేజిస్ట్రేట్ బెయిల్ ఇవ్వనన్నారు. హైకోర్టులోనే ఇద్దరు జడ్జీల బెంచ్ కూడా కాదంది. త్యాబ్జీ మాత్రం ఇచ్చారు. ఆయన జీవితంలో చాలా మంది గుర్తుపెట్టుకున్న రోజు అదే.

బద్రుద్దీన్ 1844 అక్టోబర్ 10న బొంబాయిలో పుట్టారు. తండ్రి ముల్లా త్యాబ్ అలీ వ్యాపారి, సులేమానీ బోహ్రా జమాత్‌కు చెందినవారు. పిల్లల చదువు విషయంలో ఆయన రాజీపడలేదు. బద్రుద్దీన్ మొదట ఉర్దూ, ఫార్సీ నేర్చుకున్నారు. తర్వాత ఎల్ఫిన్‌స్టన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరారు. 1860లో ఇంగ్లండ్ వెళ్ళారు. మధ్యలో కళ్ళు దెబ్బతిని ఇంటికి తిరిగి రావాల్సి వచ్చింది. అయినా మళ్ళీ వెళ్ళి 1867లో బారిస్టర్ అయ్యారు. బొంబాయి హైకోర్టులో వాదించిన తొలి భారతీయ బారిస్టర్ ఆయనే. ఆయన అన్న ఖమ్రుద్దీన్ సొలిసిటర్.

వకాలత్‌తో పాటు మిల్లత్ పనీ చేశారు. 1874లో అన్న, మరికొందరు పెద్దలతో కలిసి అంజుమన్-ఎ-ఇస్లాం స్థాపించారు. ఆ సంస్థ స్కూళ్ళు, కాలేజీలు ముంబైలో ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆడపిల్లల చదువును సమర్థించడమే కాదు, తన కూతుళ్ళను కూడా చదివించారు. 1887 డిసెంబర్‌లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. కాంగ్రెస్‌కు తొలి ముస్లిం అధ్యక్షుడు ఆయనే. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ముస్లింలు కాంగ్రెస్‌కు దూరంగా ఉండాలని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ వాదించారు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. అభిప్రాయాలు కలవలేదు.

1895లో ఆయన బొంబాయి హైకోర్టు జడ్జి అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న తొలి ముస్లిం ఆయన. రెండేళ్ళకే తిలక్ కేసు వచ్చింది.

అప్పటి కోర్టు పద్ధతి తెలిస్తేనే ఆ ఆర్డర్ విలువ అర్థమవుతుంది. బొంబాయి నగరంలో క్రిమినల్ కేసు మొదట ప్రెసిడెన్సీ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళేది. పెద్ద నేరాల్లో శిక్ష వేయడం ఆయన పని కాదు. పోలీసులు తెచ్చిన సాక్ష్యాలు విని, కేసులో పస ఉందో లేదో చూడటం వరకే. పస ఉందనిపిస్తే, పెద్ద నేరమైతే, హైకోర్టు సెషన్స్‌కు పంపేవారు. అక్కడ జడ్జి, జ్యూరీ కలిసి అసలు విచారణ జరిపేవారు. ఈ మధ్యకాలంలో మనిషి ఇంట్లో ఉంటాడా, జైల్లో ఉంటాడా అన్నది బెయిల్ వినే జడ్జి చేతిలో ఉండేది. తప్పు చేశాడా లేదా అన్నది అక్కడ తేల్చేది కాదు. విచారణకు మళ్ళీ హాజరవుతాడా అన్నదే అసలు ప్రశ్న.

తిలక్ విషయంలో ఈ తేడా గుర్తుంచుకోవడం కష్టమే. ఆ జూన్‌లో పుణేలో ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులు జరిగాయి. ప్రభుత్వం కోపంగా ఉంది. కేసుకు ఆధారమైన కేసరి పత్రిక రాతల్లో అఫ్జల్ ఖాన్‌ను శివాజీ చంపడాన్ని సమర్థించిన ప్రసంగం కూడా ఉంది. 1893 అల్లర్ల గాయం బొంబాయిలో ఇంకా మానలేదు. త్యాబ్జీ, తిలక్‌ల రాజకీయాలు వేరు. ముస్లిం జడ్జి బెయిల్ ఇవ్వకపోతే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. పైగా తోటి జడ్జీలే కాదన్నారు, అదే మాట చెప్పేస్తే సరిపోయేది. ఆయన అలా చేయలేదు. ఇరువైపులా వాదనలు కొత్తగా విని, పూచీకత్తు మీద తిలక్‌ను విడిచిపెట్టారు. తీర్పుకు ముందే జైల్లో ఉంచితే, తర్వాత నిర్దోషి అని తేలినా ఆ రోజులు తిరిగి రావు. బయట ఉంటేనే వకీళ్ళను కలిసి కేసుకు సిద్ధం కాగలడు.

సెప్టెంబర్‌లో విచారణ జస్టిస్ స్ట్రాచీ ముందు జరిగింది. తిలక్ పారిపోలేదు, కోర్టుకు వచ్చారు. తొమ్మిది మంది జ్యూరీలో ఆరుగురు యూరోపియన్లు దోషి అన్నారు, ముగ్గురు భారతీయులు కాదన్నారు. 18 నెలల కఠిన శిక్ష పడింది. అంతమాత్రాన బెయిల్ ఆర్డర్ తప్పయిపోదు. విచారణకు మనిషి హాజరు కావాలి, అయ్యాడు. బెయిల్ పని అంతవరకే.

త్యాబ్జీ ముందు తిలక్ కోసం బెయిల్ వాదించింది దావర్ అనే పార్సీ బారిస్టర్. ఆయనే తర్వాత జడ్జి అయి, 1908లో మళ్ళీ రాజద్రోహం కేసులో పట్టుబడిన తిలక్‌కు బెయిల్ ఇవ్వనన్నారు. ఆరేళ్ళ ద్వీపాంతర శిక్ష కూడా ఆయనే వేశారు. కుర్చీ ఒకటే అయినా కూర్చునే మనిషిని బట్టి ఎంత తేడా వస్తుందో చూడండి.

1902లో త్యాబ్జీ కొంతకాలం తాత్కాలిక చీఫ్ జస్టిస్‌గా పనిచేశారు. 1906 ఆగస్టులో లండన్‌లో గుండె ఆగి చనిపోయారు. వయసు 61.

ఈ రోజు మన ఇళ్ళలో ఎవరికైనా కేసు ఎదురైతే, మొదట తెలుసుకోవాల్సింది త్యాబ్జీ పాటించిన తేడానే. బెయిల్ దొరికితే నిర్దోషి అని కాదు, దొరక్కపోతే దోషి అనీ కాదు. వినే అధికారి ముందు మనం చూపించాల్సింది ఊళ్ళో ఇల్లు, పని, కుటుంబం, పిలిస్తే వస్తామన్న భరోసా. ఇక ఆ అధికారి చేయాల్సిందల్లా, ఎదుట నిలబడిన మనిషి ఏ ఖౌమ్ వాడైనా, ఏ మాట అన్నవాడైనా సరే, పూర్తిగా వినడం. ఇన్సాఫ్ అక్కడే మొదలవుతుంది.