భయానికి వైద్యం రాసిన బల్ఖీ

పరీక్షంటే చేతులు వణికే పిల్లాడు, తుపాను హెచ్చరిక వింటే రాత్రంతా కూర్చునే ఉండే అమ్మీ, జనంలోకి వెళ్లాలంటే గుండెదడ వచ్చే భాయ్. మన ఆమదాలవలసలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు. వాళ్లకు ఇంట్లో ఎక్కువగా వినిపించేవి రెండే మాటలు: ఇమాన్ తగ్గిందని, లేదంటే గాలి సోకిందని. కానీ ఇది వైద్యం ఉన్న బాధేనని వెయ్యేళ్ల కిందటే ఒక ముస్లిం పండితుడు రాసిపెట్టారు. ఆయనే అబూ జైద్ అల్ బల్ఖీ.

క్రీ.శ. 850 ప్రాంతంలో, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ దగ్గర షామిస్తియాన్ అనే పల్లెలో పుట్టారు. నాన్న బడిపంతులు. మొదట్లో తానూ పిల్లలకు చదువు చెప్పారు. తర్వాత హజ్ యాత్రికులతో కలిసి కాలినడకన ఇరాక్ చేరి, ఎనిమిదేళ్లు అక్కడే ఉండి తత్వం, వైద్యం చదివారు. పేరున్న తత్వవేత్త అల్ కిందీ ఆయన గురువు. చదువు అయ్యాక సొంతూరికే తిరిగొచ్చేశారు. ముఖం మీద మశూచి మచ్చలు, మాట తక్కువ. 60 దాకా పుస్తకాలు రాశారంటారు, చాలావరకు పోయాయి.

మిగిలినవాటిలో ముఖ్యమైనది ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’. మొదటి భాగం శరీరం గురించి, రెండోది మనసు గురించి. శరీరానికి ఏళ్ల తరబడి జబ్బు రాకపోవచ్చు, మనసుకు మాత్రం దాదాపు రోజూ ఏదో ఒక నొప్పి తగులుతూనే ఉంటుందంటారు ఆయన. కోపం, భయం, దిగులు, వస్వసా అని విడదీసి ఒక్కోదానికి వేరుగా వైద్యం చెప్పారు.

భయానికి ఆయన ఇచ్చిన పోలిక మంచు. వేడి ప్రాంతంలో పెరిగిన మనిషి మొదటిసారి పొగమంచు చూసి దాటలేని గోడ అనుకుంటాడు. లోపలికి నడిస్తే అది తడి గాలే. చలికాలం తెల్లవారుజామున నాగావళి మీద మంచు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా చూస్తూ, వింటూ అలవాటు చేసుకోమన్నారు. ఇంట్లో మందులు దాచుకున్నట్టే, మనసు కుదురుగా ఉన్నప్పుడే ధైర్యమిచ్చే ఆలోచనలు పోగుచేసుకోమన్నారు. సొంత ఆలోచన చాలకపోతే ఇంకొకరి సలహా తీసుకోవాలన్నారు. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో పుస్తకంగా తెచ్చిన చికిత్స కూడా ఇలా మెట్టు మెట్టుగా భయాన్ని ఎదుర్కొనేదే. బల్ఖీ పుస్తకంలోని మనసు భాగాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ 2013లో ఇంగ్లీషులోకి తెచ్చారు.

ఇంత రాసిన మనిషి ఒకసారి నది ఒడ్డు నుంచే వెనక్కి తిరిగారని చెబుతారు. బుఖారా అమీర్ కబురు పంపితే బయల్దేరి, జైహూన్ నది అలలు, వడి చూసి ఆగిపోయారు. తన తెలివి కోసమే పిలిచి ఉంటే, ఆ తెలివే నది దాటొద్దంటోందని ఉత్తరం రాశారట. అమీర్ నవ్వుకుని వెళ్లిపొమ్మన్నారట. వరద ఏటి ముందు ఆగడం జబ్బు కాదు. వీధి గుమ్మం కూడా దాటలేకపోతే అది జబ్బు. ఈ తేడా ఇంట్లోవాళ్లకు తెలియాలి.

934లో బల్ఖీ కన్నుమూశారు. దువా చేద్దాం, దమ్ చేయించుకుందాం, ఎవరూ వద్దనరు. దాంతోపాటు డాక్టర్‌కీ చూపిద్దాం. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇమాన్ తక్కువని ఇంకెవరినీ ఇంట్లో మూల కూర్చోబెట్టొద్దు.