రాజా దీనదయాళు

కంటికి గోచరించిన రూపమును కాలము హరింపకుండ నిలుపగల విద్య ఛాయాగ్రహణము. 1839లో ఫ్రాన్సు దేశమున లోకమునకు వెల్లడియైన ఆ విద్యలో నైజాము రాష్ట్రమునకు కీర్తి తెచ్చిన మహనీయుడు దీనదయాళు.

ఆయన 1844వ సంవత్సరమున మీరట్టు సమీపమునగల సర్ధనాలో జైన కుటుంబమున జన్మించెను. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు నభ్యసించి, 1866లో ఇందూరులోని మరామత్తు శాఖలో అంచనాలు కట్టుట, పటములు గీయుట అను పనులకు కుదిరెను. 1874 ప్రాంతమున కెమేరా చేపట్టెను. తుదకు కొలువు విడిచి ఆ విద్యనే వృత్తిగా స్వీకరించెను. ఆయన తీసిన మధ్యభారత కట్టడముల చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడెను.

ఆ దశాబ్దముననే ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. సికింద్రాబాదున ఆయన చిత్రశాల వెలసెను. 1894లో నిజాము ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అను బిరుదము నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడని అర్థము.

ప్రభువుల కొలువులను, వేటలను, విందులను చిత్రించుట ఆయన ఉద్యోగధర్మము. కాని ఆయన దృష్టి అంతటితో ఆగలేదు. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట నిలువజాలరు గదా! వారికొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేక చిత్రశాల నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనిత కప్పగించెను. అంతఃపురమున మరుగుపడిన ముఖములకును అందువలన చిత్రభాగ్యము కలిగెను. 1899–1900 నాటి మహాక్షామమున నైజాము రాష్ట్రమున జరిగిన సహాయకార్యములనుగూడ ఆయన చిత్రశాల చిత్రించెను. రత్నహారములు ధరించిన ప్రభువును చూచిన కెమేరాయే ఆకలిగొన్న బీదలనుగూడ చూచెను. ఆ పేదల యూరును పేరును నేడు మనకు తెలియవు. వారి రూపములు మాత్రము నిలిచియున్నవి.

మన హనుమకొండ వేయిస్తంభముల గుడియు ఆయన చిత్రములలో నున్నది. ఆ గుడి కల్యాణమండపము శిథిలమై, రాయి రాయి విప్పబడి, పునర్నిర్మితమై 2024లో తిరిగి తెరువబడినది. ఇట్లు మార్పు చెందిన కట్టడముల పూర్వరూపమునకు నాటి ఛాయాచిత్రములే సాక్ష్యములు.

దీనదయాళు 1905లో పరమపదించెను. ఆయన చిత్రశాలకు చెందిన రెండువేల ఎనిమిదివందలకు పైబడిన గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించి భద్రపరచినది. 2006లో భారత తపాలాశాఖ ఆయన పేర బిళ్ళ వెలువరించినది.

గ్రంథము పూర్వుల మాటను కాపాడును. ఛాయాచిత్రము వారి రూపమును కాపాడును. ఇంటింట గోడలకు వ్రేలాడు పాత పటముల వెనుక పేరును, యూరును, సంవత్సరమును వ్రాసి భద్రపరచుటయే ఆ మహనీయునికి మనము తీర్చగల ఋణము.