నడిరేయి కొలువు : జాక్ పార్ జీవితం

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలన్నారు. సభలో నవ్వించేవానిని మెచ్చుకుంటూనే, అతనిని పెద్దల పంక్తిలో కూర్చోబెట్టడానికి మనము సంకోచిస్తాము. మాట నేర్పుగల వానిని గురించి కూడా మనకొక దురభిప్రాయం ఉన్నది. వాక్చాతుర్యం పుట్టుకతో రావలసినదేగాని సాధనతో అబ్బేది కాదని చాలామంది తలుస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావని ఒక్క మనిషి జీవితం నిరూపించింది. అతడు అమెరికా దేశపు హాస్యనటుడు, రాత్రివేళ టెలివిజన్ గోష్ఠికి ఒక రూపం కల్పించిన జాక్ పార్. అతని చరిత్రను మన విద్యార్థుల ముందుంచడం ఉచితమని మేము భావించాము.

జాక్ పార్ 1918 మే 1వ తేదీన ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ నగరంలో జన్మించాడు. బాల్యంలోనే అతని కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణానికి తరలివెళ్లింది. ఆ బాలునికి నత్తి ఉండేది. తోటిపిల్లల నడుమ నోరు విప్పడమే ఒక పరీక్ష. చాలదన్నట్లు పదునాలుగవ యేట క్షయవ్యాధి సోకింది. మందులు అంతగా లేని ఆ రోజులలో క్షయ అంటే దీర్ఘకాలం మంచానికి అంటుకొని ఉండడమే. ఇట్టి బాలుడు ముందుముందు మాటనే జీవనాధారం చేసుకుంటాడని అప్పుడు ఎవరు చెప్పినా నమ్మేవారు కారు.

ప్రాచీన గ్రీసు దేశపు వక్త డెమొస్తనీసు నోట గులకరాళ్లు ఉంచుకొని ఉపన్యాసం సాధన చేశాడని మనము చదువుకున్నాము. ఈ అమెరికా బాలుడు నోట బొత్తాములు ఉంచుకొని పుస్తకాలు బిగ్గరగా చదువుతూ నత్తిని లొంగదీసుకున్నాడని చెబుతారు. తన నాలుక ముడి విప్పమని హజ్రత్ మూసా అలైహిస్సలాం ప్రభువును వేడుకున్న వృత్తాంతం మన విద్యార్థులలో పెక్కుమందికి తెలిసినదే. మహనీయులకు సైతం మాట కష్టపడితేనే దక్కిందని తెలుసుకున్నప్పుడు, తడబడే నాలుక సిగ్గుపడవలసిన విషయం కాదని అర్థమవుతుంది.

పదహారవ యేట పార్ పాఠశాల విడిచిపెట్టి జాక్సన్‌లోని రేడియో కేంద్రంలో ప్రకటనకర్తగా చేరాడు. నత్తిని జయించిన బాలుడు ఏరికోరి మైక్రోఫోను ముందుకే వెళ్లడం గమనింపదగినది. తరువాత అనేక నగరాల రేడియో కేంద్రాలలో పనిచేశాడు. 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అతడు క్లీవ్‌లాండ్ కేంద్రంలో ఉన్నాడు. ఆ రాత్రి ఆర్సన్ వెల్స్, అంగారక గ్రహవాసులు భూమిపై దండెత్తినట్లు ఒక నాటకాన్ని వార్తల ధోరణిలో ప్రసారం చేశాడు. శ్రోతలలో కొందరు అది నిజమని నమ్మి భయపడ్డారు. ఇరవై యేళ్ల పార్, ఇది నాటకమే, భయపడవలసినది లేదని శ్రోతలకు నచ్చజెప్పడానికి ప్రయత్నించాడు. అయితే కొందరు అతడే సత్యాన్ని దాస్తున్నాడని నిందించారు. మాటకు గల బలమూ, దాని బలహీనతా అతనికి ఒక్క రాత్రిలోనే తెలిసివచ్చాయి.

రెండవ ప్రపంచ సంగ్రామంలో, 1943లో, అతనిని సైన్యంలోకి తీసుకున్నారు. దక్షిణ పసిఫిక్ దీవులలో సైనికులకు వినోదం కల్పించే దళంలో చేరాడు. యుద్ధభూమిలో అలసిన సాధారణ సైనికులను నవ్వించడానికి అతడు ఎన్నుకున్న వస్తువు వారి పై అధికారులే! అధికారి దర్పాన్ని అధికారి ఎదుటనే ఎగతాళి చేసేవాడు. సైనికులు ఆనందించారు, అధికారులకు అది రుచించలేదు. బలవంతుని ముందు జంకని ఈ స్వభావం అతనికి కడదాకా మేలూ చేసింది, కీడూ చేసింది. క్యూబాలో పుట్టిన పియానో విద్వాంసుడు హోసే మెలిస్‌తో స్నేహం కుదిరినది కూడా ఆ సైనిక జీవితంలోనే. తరువాత అతని కార్యక్రమ వాద్యబృందానికి మెలిస్ నాయకుడైనాడు.

యుద్ధానంతరం అదృష్టం వెంటనే వరించలేదు. 1947 వేసవిలో ప్రఖ్యాత హాస్యనటుడు జాక్ బెన్నీ విశ్రాంతి తీసుకున్నప్పుడు అతని స్థానంలో రేడియో కార్యక్రమం నిర్వహించాడు. కొన్ని చలనచిత్రాలలో నటించాడు. 1951లో వచ్చిన ఒక చిత్రంలో మార్లిన్ మన్రో అతనితోపాటు నటించింది. 1954లో వార్తాప్రసారకుడు వాల్టర్ క్రాంకైట్ స్థానంలో ఉదయపు టెలివిజన్ కార్యక్రమాన్ని చేపట్టాడు. ఏదీ స్థిరంగా నిలువలేదు. నలభైకి చేరువవుతున్న వయస్సులో అతడు చేతిలో స్థిరమైన పనిలేని హాస్యనటుడు.

అప్పుడు ఎన్.బి.సి. సంస్థ వారికి ఒక చిక్కు వచ్చిపడింది. 1954 సెప్టెంబరు 27న స్టీవ్ అలెన్ ఆరంభించిన ‘టునైట్’ అనే రాత్రి కార్యక్రమం అతడు తప్పుకొన్న పిదప మరొక రూపంలో నడిచి, విఫలమైంది. 1957 జూలై 29న పార్‌ను ఆ ఆసనంపై కూర్చోబెట్టారు. రాత్రి పదకొండు దాటిన తరువాత మొదలై ఒంటిగంట వరకు సాగే కార్యక్రమమది. అలెన్ కాలంలో దానికి సంగీతమూ, ప్రహసనాలూ ప్రాణం. పార్ పాటగాడు కాడు, నాట్యగాడు కాడు. తనకు తెలిసిన ఒకే ఒక విద్య, కష్టపడి సంపాదించుకున్న విద్య, మాట. ఆ మాటనే అతడు ప్రధాన వినోదంగా నిలిపాడు. నలుగురిని చేరదీసి, తీరికగా సంభాషణ సాగించాడు. ఉర్దూలో మహఫిల్ అని మనము పిలుచుకునే దానిని అతడు అమెరికా ఇంటింటి పడకగదిలోకి ప్రవేశపెట్టాడనవచ్చు.

ఆ మహఫిల్‌కు వచ్చినవారు నటీనటులు మాత్రమే కారు. రచయితలు, సంగీతజ్ఞులు, రాజకీయ నాయకులు వచ్చారు. 1959లో కార్మిక సంఘాల అక్రమాలను విచారించే సెనేట్ సంఘపు న్యాయవాది రాబర్ట్ కెనెడీ అక్కడ కూర్చుని బలవంతుడైన సంఘనాయకుడు హోఫాను గురించి నిర్భయంగా మాట్లాడాడు. అదే సంవత్సరంలో పార్ హవానా వెళ్లి ఫిడెల్ కాస్ట్రోతో సంభాషించి విమర్శలు ఎదుర్కొన్నాడు. 1960 ఎన్నికల సంవత్సరంలో జాన్ కెనెడీ, రిచర్డ్ నిక్సన్ ఇరువురూ వేర్వేరుగా అతని పక్కన కూర్చున్నారు. మన దేశంలో ఢిల్లీ నగరంలో టెలివిజన్ ప్రయోగాత్మకంగా ఆరంభమైనది 1959 సెప్టెంబరు 15న అని గుర్తు చేసుకుంటే, ఆ సాధనం ఎంత కొత్తదో, దానితో పార్ ఎంత సాహసం చేశాడో బోధపడుతుంది.

అతని పేరు చరిత్రలో నిలిచిన ఘట్టం 1960 ఫిబ్రవరిలో జరిగింది. 10వ తేదీ కార్యక్రమంలో అతడొక హాస్యకథ చెప్పాడు. స్విట్జర్లాండు పల్లెలో బస చేయదలచిన ఒక ఆంగ్ల వనిత, బసకు సమీపంలో డబ్ల్యు.సి. ఉన్నదా అని అక్కడి ఉపాధ్యాయునికి లేఖ రాస్తుంది. ఆమె అడిగినది మరుగుదొడ్డిని గురించి. ఇంగ్లీషు అంతగా రాని ఆ ఉపాధ్యాయుడు, ఊరి మతగురువును సంప్రదించి, ఆ రెండక్షరాలకు దారిపక్కన ఉండే ప్రార్థనా మందిరమని అర్థం తీస్తాడు. అది చాలా మైళ్ల దూరంలో ఉన్నదనీ, వారానికి రెండు రోజులే తెరుస్తారనీ, ముందుగా వెళితేగాని చోటు దొరకదనీ భక్తిశ్రద్ధలతో జవాబు రాస్తాడు. కథ అంతే. ఒక్క బూతుమాట లేదు. అయినా అప్పటికి కార్యక్రమాన్ని సాయంకాలమే రికార్డు చేసి రాత్రి ప్రసారం చేసే పద్ధతి వచ్చినందున, సంస్థ అధికారులు అతనికి చెప్పకుండానే ఆ భాగాన్ని తొలగించి, ఆ చోట వార్తలు వేశారు.

కథను తొలగించడం కంటె, తొలగించిన తీరు పార్‌ను గాయపరచింది. ప్రజలు కథ వినలేదు. కథను నిషేధించారన్న వార్త మాత్రం విన్నారు. తానేదో నీచమైన మాట అన్నాడని వారు ఊహించుకోవచ్చు. ఆ భాగాన్ని ప్రసారం చేసి తీర్పు ప్రజలకే విడిచిపెట్టండని అతడు కోరాడు. సంస్థ అంగీకరించలేదు. మరునాడు, ఫిబ్రవరి 11న, అతడు ప్రేక్షకుల ఎదుటకు వచ్చి, గద్గద స్వరంతో తన బాధ చెప్పుకొని, సెలవు తీసుకొని వేదిక దిగి వెళ్లిపోయాడు. నిర్ఘాంతపోయిన సహచరుడు హ్యూ డౌన్స్ మిగిలిన కార్యక్రమాన్ని ఎలాగో నడిపించవలసి వచ్చింది.

పార్ హాంగ్‌కాంగ్ వెళ్లిపోయాడు. 25 రోజుల తరువాత, మార్చి 7న, తిరిగివచ్చాడు. నిన్న రాత్రి ఆపిన వాక్యాన్ని ఈ రాత్రి కొనసాగిస్తున్నట్లుగా సంభాషణ అందుకున్నాడు. సభ కరతాళ ధ్వనులతో మారుమ్రోగింది. బ్రతకడానికి ఇంతకంటె మంచి మార్గమేదో ఉండి తీరుతుందని చెప్పి వెళ్లాననీ, వెదికి చూస్తే అటువంటిది లేదని తేలిందనీ తనను తానే ఎగతాళి చేసుకున్నాడు. మాట కోసం వెళ్లినవాడు మాటతోనే తిరిగివచ్చాడు.

అతనిలో లోపాలు లేవని మేము అనము. కోపమూ, కన్నీరూ రెండూ త్వరగా వచ్చేవి. పత్రికలలో తనను విమర్శించినవారిని వేదికపై నుంచే ఎదిరించేవాడు. 1961లో ఎడ్ సల్లివాన్‌తో వివాదం చెలరేగింది. పార్ కార్యక్రమంలో అతిథికి ఇచ్చేది 320 డాలర్లు. అక్కడ 320 డాలర్లకు కనిపించే నటులకు తన కార్యక్రమంలోనూ అంతే ఇస్తానని సల్లివాన్ ప్రకటించాడు. ఇరువురూ ఎదురెదురుగా కూర్చుని వాదించాలనుకున్న సభ జరుగకుండానే ముగిసింది. అదే యేడు సెప్టెంబరులో బెర్లిన్ గోడ వద్ద అమెరికా సైనికుల నడుమ కార్యక్రమం చిత్రించినప్పుడు, వినోదానికి సైన్యాన్ని వాడుకున్నాడని శాసనసభ్యులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ పూర్తిగా నిరాధారమైనదని చెప్పలేము.

1962 మార్చి నెలాఖరున అతడు రాత్రి కార్యక్రమం నుండి స్వచ్ఛందంగా తప్పుకొన్నాడు. అక్టోబరు 1 నుండి ఆ ఆసనం జానీ కార్సన్‌కు దక్కి ముప్పైయేళ్లు నిలిచింది. పార్ 1965 వరకు శుక్రవారపు రాత్రులలో మరొక కార్యక్రమం నడిపాడు. గాబన్ అడవులలో వైద్యసేవ చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ వద్దకు వెళ్లి తీసిన చిత్రాలు చూపించాడు. 1962 ఎన్నికలో ఓడిన నిక్సన్ చేత 1963లో పియానో వాయింపించాడు. 1963 నవంబరులో కాసియస్ క్లే అనే యువ ముష్టియోధుడు అతని వేదికపై, లిబరాచే పియానో వాయిస్తుండగా, తన కవిత చదివాడు. మరి మూడు నెలలకే, 1964 ఫిబ్రవరిలో, ఆ యువకుడు ప్రపంచ విజేత అయి, తాను ఇస్లాం స్వీకరించినట్లు వెల్లడించి, ఆ తరువాత లోకానికి ముహమ్మద్ అలీగా పరిచయమైనాడు. ప్రతిభను ముందుగా గుర్తించే కన్ను పార్‌కు ఉండేది. టైమ్ పత్రిక కార్యాలయంలో చిరుద్యోగిగా ఉంటూ హాస్యోక్తులు రాసి తెచ్చిన డిక్ కావెట్‌ను చేరదీసినది అతడే. కావెట్ తరువాత స్వయంగా రాత్రి గోష్ఠి నిర్వాహకుడైనాడు.

1965లో, నలభైయేడేళ్లకే, పార్ ఆ వెలుగుల నుండి తొలగిపోయి, మెయిన్ రాష్ట్రంలో ఒక చిన్న టెలివిజన్ కేంద్రాన్ని కొని నడుపుకున్నాడు. 1973లో మరొక సంస్థలో నెలకు ఒక వారం రాత్రి కార్యక్రమం చేపట్టినా, ఆ యేడే విరమించాడు. కాలం మారిందని గ్రహించి పట్టుపట్టలేదు. 2004 జనవరి 27వ తేదీన కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రీనిచ్‌లో 85వ యేట కన్నుమూశాడు. అతని ‘టునైట్’ రాత్రుల చిత్రీకరణలలో చాలా భాగం భద్రపరచక పోయినందున నేడు లభించవు. పలికిన మాటలు పోయాయి. కాని ఒక ఆసనం, పక్కన అతిథి, వారి నడుమ తీరికైన సంభాషణ అనే అమరిక మాత్రం నేడు దేశదేశాల టెలివిజన్‌లలో, మన తెలుగు కార్యక్రమాలలో సైతం, కొనసాగుతూనే ఉన్నది.

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ నోరు విప్పడానికి జంకే విద్యార్థులను మేము ప్రతి యేడూ చూస్తున్నాము. ప్రశ్న తెలిసీ లేవరు. జవాబు తెలిసీ పలుకరు. ఒక ఒత్తు తప్పినా, ఒక దీర్ఘం జారినా వెనుక బల్లల నుండి నవ్వు వినవస్తుందని వారి భయం. అట్టి విద్యార్థులకు ఈ నత్తి బాలుని కథ ఒక ధైర్యవచనం కావాలని మా కోరిక. వెనుక బల్లల మీద నవ్వే మిత్రులకు కూడా ఒక మాట. నవ్వు చేటు అయ్యేది అది బలహీనునిపై పడినప్పుడే. పార్ యుద్ధభూమిలో సైనికులను చూసి నవ్వలేదు. వారి పక్షాన నిలిచి, అధికారి దర్పాన్ని చూసి నవ్వాడు. ఆ భేదం తెలిసిన తరగతిలో ఏ విద్యార్థీ మౌనంగా మిగిలిపోడని మా విశ్వాసం.