కాటను దొర: గోదావరి నీటికి సొమ్ము ఎక్కడిది?

1960లో భారత ప్రభుత్వము అమెరికాలోని ఫోర్డ్ ఫౌండేషను ధనసహాయముతో ప్యాకేజీ వ్యవసాయ పథకము ప్రారంభింపదలచి దేశము మొత్తముమీద మొదట ఏడు జిల్లాలను ఎన్నుకొనెను. వానిలో పశ్చిమగోదావరి యొకటి. ఎన్నికకు ముఖ్యమైన కొలబద్ద నికరమైన నీటి వసతి. ఫోర్డ్, రాక్‌ఫెల్లరు సంస్థల సొమ్ముతో ఫిలిప్పైన్సులో వెలసిన వరి పరిశోధనాలయము 1966లో ఐ.ఆర్. 8 విత్తనమును విడుదల చేయగా, ఈ డెల్టా రైతులు దానిని తొలినాళ్లలోనే నాటిరి. విదేశధనమును ఈ నేలకు రప్పించినది నీరు. ఆ నీరు మాత్రము ఎవరి సహాయధనముతోను రాలేదు. అది ఎట్లు వచ్చినదో తెలియవలెనన్న సర్ ఆర్థర్ కాటను జీవితము తెలియవలెను.

కాటను 1803 మే 15న ఇంగ్లండున జన్మించెను. 1821లో సైనిక ఇంజనీరుగా మదరాసు చేరి, తంజావూరు సీమలో కొల్లడమునకు ఆనకట్టలు కట్టి పేరందెను. అప్పటికి గోదావరి మండలము దీనస్థితిలో నుండెను. 1833 నాటి కరవు, 1839 నాటి ఉప్పెన ప్రజలను కుంగదీసినవి. 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ప్రక్కనే నిండునది పారుచుండగా ఇట్టి దుర్దశ!

1844లో కాటను నదిని పరిశీలించి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టవచ్చునని నివేదించెను. అసలు చిక్కు రాళ్లతో కాదు, రూకలతో. నీరు పారినచో శిస్తు పెరుగునని లెక్కలు కట్టి చూపినగాని లండనులోని డైరెక్టర్లు 1846 చివర సమ్మతింపలేదు. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. వీణెం వీరన్న వంటి తెలుగువారు ఆయనకు కుడిభుజమైరి. ఆనకట్టను ఇంగ్లండు చేసిన దానముగా తలచువారు కలరు, అది పొరపాటు. వెచ్చించినది మదరాసు రాజధాని రాబడి. రైతు కట్టిన శిస్తే రైతునకు నీరై తిరిగివచ్చి, మరింత శిస్తుగా మరల కంపెనీ బొక్కసము చేరెను.

ఈ విజయము కాటనునకు అతివిశ్వాసము కలిగించెను కాబోలు. ఆయన ప్రోత్సాహముతో 1858 ప్రాంతమున ఏర్పడిన మదరాసు ఇరిగేషను కంపెనీ లండను వాటాదారుల ధనము కూర్చి, తుంగభద్రపై సుంకేసులనుండి కర్నూలు–కడప కాలువ త్రవ్వించెను. వాటాలకు నూటికి 5 వంతున వడ్డీ యిత్తుమని ప్రభుత్వము హామీ యిచ్చెను. పని బాగున్నను చెడినను వడ్డీ తప్పదు. ఇక పొదుపు చేయువాడెవడు? ఖర్చు అంచనాలను మించెను. నల్లరేగడిలో వానకే జొన్న, పత్తి పండించుకొను రైతు నీటికి డబ్బు చెల్లింప ముందుకు రాలేదు. ఆ నేలను, ఆ సేద్యమును ముందుగా తగినంత పరిశీలింపకపోవుటయే అసలు లోపము. 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. అంతకు ముందే, 1878లో, డెబ్బదియైదేండ్ల కాటను పార్లమెంటు విచారణ సంఘము ఎదుట నిలిచి తన జలమార్గములను సమర్థించుకొనెను. రైలుమార్గములకు కోట్లు గుమ్మరించుచు కాలువలకు వెనుదీయుట ఆయనకు కడవరకును మింగుడుపడలేదు.

ఉద్యోగము విడిచిన పిమ్మట ఆయన నివాసము ఇంగ్లండులోని డార్కింగు. అచట వార్ధక్యమున తన తోటలోనే వ్యవసాయ పరిశోధనకు పూనుకొనెను. నేలను మామూలు దుక్కికంటె చాల లోతుగా త్రవ్వి, చిన్న మడులలో గోధుమ విత్తి, దిగుబడి కొలుచుచుండెను. 1899 జూలై 24న, తొంబదియారవ యేట, ఆయన డార్కింగులోనే కన్నుమూసెను.