పార చేతబట్టిన సాక్ష్యం

విదేశాల్లో జరిగే అంతర్జాతీయ సేవా శిబిరానికి బయల్దేరే యువతీయువకులు ప్రార్థన కోసం కాపరి దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఒక జాబితా ఉంటుంది. పాస్‌పోర్టు, వీసా, టీకాలు, బీమా, గట్టి బూట్లు, మందులు... ఇవన్నీ కావలసినవే. కానీ సూట్‌కేసులో పట్టని సిద్ధపాటు మరొకటుంది. దానికి చాలాకాలం పడుతుంది, దాని వెల కూడా ఎక్కువే. అదేమిటో తెలియాలంటే ఇలాంటి శిబిరాలకు ఆద్యుడైన పియర్ సెరెసోల్ జీవితాన్ని ఒకసారి తలచుకోవాలి.

సెరెసోల్ 1879లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి పాల్ సెరెసోల్ ఆ దేశాధ్యక్ష పదవిని సైతం నిర్వహించిన ప్రముఖుడు. అలాంటి ఇంట్లో పుట్టి, జ్యూరిక్‌లో ఇంజనీరింగ్ చదివి, డాక్టరేటు కూడా పొందిన పియర్‌కు గౌరవప్రదమైన ఉద్యోగం, సుఖమైన జీవితం సిద్ధంగా ఉన్నాయి. ఆయన మాత్రం వాటిని పక్కనబెట్టి 1909లో దేశాటనకు బయల్దేరాడు. అమెరికా, హవాయి, జపాన్ దేశాల్లో కొన్నేళ్లు గడిపాడు. జపాన్‌లో ఇంజనీరుగా పనిచేసినా, అంతకుముందు ఒళ్లు వంచి కూలిపనులు కూడా చేశాడు. పెద్దింటి బిడ్డ చేతులు కాయలు కాయడం లోకం దృష్టిలో పతనమే! కానీ దేవుడు ఆయన్ను ఏ పనికి సిద్ధపరుస్తున్నాడో అప్పటికి ఆయనకే తెలియదు. మిద్యాను అరణ్యంలో గొర్రెలు కాసిన ఏళ్లు మోషేకు వ్యర్థమయ్యాయా?

1914లో ఆయన స్వదేశం చేరేసరికి ఐరోపా యుద్ధజ్వాలల్లో చిక్కుకుంది. స్విట్జర్లాండ్ తటస్థ దేశమే అయినా అక్కడ సైనిక సేవ తప్పనిసరి. చేయనివాళ్లు బదులుగా పన్ను కట్టాలి. విశ్వాసాన్ని బట్టి ఆయుధం పట్టనన్న ఒక ఉపాధ్యాయుణ్ని జైలుకు పంపారన్న వార్త సెరెసోల్ మనసును కుదిపేసింది. శత్రువును ప్రేమించమన్న ప్రభువును ఆరాధిస్తూ ఆ శత్రువును చంపే ఏర్పాటుకు డబ్బు కట్టడమెలా అని ఆయన ఆలోచించాడు. పన్ను కట్టడం మానేశాడు. 1917లో మొదటిసారి జైలుకు వెళ్లాడు. అదే సంవత్సరం జ్యూరిక్‌లోని ఒక ఆలయంలో ఆరాధన సమయంలో లేచి నిలబడి, యుద్ధం విషయంలో సంఘం మౌనంగా ఉండటాన్ని ప్రశ్నించాడు. తండ్రి ద్వారా వచ్చిన ఆస్తిని ప్రభుత్వానికే ఇచ్చేశాడు. ప్రసంగ వేదిక మీద నిలబడే మాలాంటి వాళ్లకు ఆలయంలో లేచిన ఆ స్వరం ఈనాటికీ సూటిగానే తగులుతుంది.

యుద్ధం ముగిసింది. 1919లో నెదర్లాండ్స్‌లోని బిల్తోవెన్‌లో వివిధ దేశాల క్రైస్తవులు సమావేశమై సమాధానం కోసం పాటుపడే అంతర్జాతీయ సహవాసానికి పునాది వేశారు. సెరెసోల్ దానికి కార్యదర్శి అయ్యాడు. అయితే సభలు, తీర్మానాలు ఎన్ని జరిగినా కూలిన ఇల్లు లేచి నిలబడదు కదా! ఫ్రాన్స్‌లో పాడైపోయిన ఒక ఊరికి వెళ్లి, దాన్ని పాడుచేసిన దేశంవాళ్లను కూడా వెంటబెట్టుకొని కట్టాలన్న ఆలోచన అక్కడే బలపడింది.

ఆ ఊరే వెర్డున్ యుద్ధభూమి పక్కనున్న ఎన్. ఇళ్లు నేలమట్టమై, పొలాలన్నీ ఫిరంగి గుండ్ల గుంతలతో నిండిపోయిన పల్లె. 1920 నవంబరులో సెరెసోల్ చిన్న బృందంతో అక్కడికి చేరాడు. అందులో ఇంగ్లిష్‌వాడైన హ్యూబర్ట్ పారిస్ ఉన్నాడు, జర్మన్లు ఉన్నారు, స్విస్ సైన్యంలో కల్నల్ అయిన సెరెసోల్ సొంత సోదరుడు ఎర్నెస్ట్ కూడా ఉన్నాడు. సైన్యానికి పన్నే కట్టనని జైలుకెళ్లిన ఒకరు, సైన్యంలోనే అధికారిగా ఉన్న మరొకరు! వారి అభిప్రాయాలు వేరైనా పార పట్టడంలో ఇద్దరూ ఒక్కటయ్యారు. ఆ చలికాలమంతా వాళ్లు గ్రామస్తుల కోసం తాత్కాలిక చెక్క ఇళ్లు కట్టారు, దారి బాగుచేశారు, గుంతలు పూడ్చారు.

అయితే బిడ్డల్ని పోగొట్టుకున్న దేశంలో జర్మన్ల ఉనికి చాలామందికి మింగుడు పడలేదు. అధికారుల నుంచి అడ్డంకులు పెరిగాయి. జర్మన్లను పంపించేస్తే పని సాఫీగా సాగేదేమో! కానీ వాళ్లను పంపేస్తే ఇళ్లు లేస్తాయి గాని సమాధానం లేవదు. 1921 వసంతంలో ఆ శిబిరం అర్ధంతరంగా ముగిసింది. లోకం దృష్టిలో అది ఓటమే. కానీ నేలలో పడ్డ విత్తనం సంగతి దేవునికి తెలుసు.

కొన్నేళ్లకే అది మొలకెత్తింది. 1924లో స్విట్జర్లాండ్‌లో మంచు చరియలు పడి దెబ్బతిన్న చోట అన్నదమ్ములిద్దరూ మళ్లీ శిబిరం పెట్టారు. 1927లో రైన్ నది వరద లీక్టెన్‌స్టైన్ పొలాలను రాళ్లు, ఇసుకతో కప్పేస్తే, 1928లో అనేక దేశాల నుంచి సుమారు 700 మంది వచ్చి వాటిని తొలగించారు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ పేరిట ఈ ఉద్యమం స్థిరపడింది. విరిగిన ఖడ్గం మీద పార, ఇదీ దాని చిహ్నం. ఖడ్గాలు నాగటి నక్కులయ్యే రోజును దర్శించిన యెషయా ప్రవక్త గుర్తుకు రావడం లేదూ?

1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చింది. అప్పటికి సెరెసోల్ వయసు 54 ఏళ్లు. రెండేళ్ల క్రితం స్విట్జర్లాండ్ వచ్చిన గాంధీజీతో ఆయనకు పరిచయముంది. అయినా వార్త వినగానే వందమందిని ఓడెక్కించుకొని రాలేదు. ముందు తానొక్కడే వచ్చాడు. గాంధీజీని, సహాయక చర్యలకు సారథ్యం వహిస్తున్న రాజేంద్రప్రసాద్‌ను కలిశాడు, బాధిత గ్రామాలు చూశాడు, ఏం అవసరమో అడిగి తెలుసుకున్నాడు. తిరిగి వెళ్లి, కొద్దిమంది సహచరులతో మళ్లీ వచ్చాడు. ముజఫర్‌పూర్ ప్రాంతంలో స్థానికులతో కలిసి కొత్త ఊళ్లు కట్టడానికి చెమటోడ్చాడు. అలా కట్టిన ఒక ఊరు శాంతిపూర్. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో తెల్లవాడు మట్టి మోయడం జనానికి వింతే! యెరూషలేము గోడలు కట్టే ముందు నెహెమ్యా కూడా ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ తిరిగి పాడైన గోడలను చూశాడు. ఆ తర్వాతే లేచి కడదాం రండని జనాన్ని పిలిచాడు. చూడకుండా, అడగకుండా చేసే సేవ మన సంతోషం కోసమే అవుతుంది తప్ప ఎదుటివారికి మేలు చేయదు.

1936లో ఆయన క్వేకర్ల సహవాసంలో చేరాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సరిహద్దు దాటి జర్మనీలోకి వెళ్లి శాంతి గురించి చెప్పబోయి మళ్లీ జైలుపాలయ్యాడు. 1945 అక్టోబరులో ప్రభువునందు నిద్రించాడు. యుద్ధం ముగిసి అప్పటికి కొన్ని నెలలే. ఆయన ప్రారంభించిన శిబిరాల సంప్రదాయం మాత్రం ఆయనతో ఆగలేదు. మన దేశంలోనూ వేళ్లూనుకుంది.

శిబిరానికి వెళ్లే ప్రియ యువతీయువకులారా, మీ జాబితాలో మరో నాలుగు మాటలు చేర్చుకోండి. చదువు, హోదా ఇచ్చే గొప్పతనాన్ని ఇంట్లోనే దించి వెళ్లండి. చేతులకు పని ఇక్కడే అలవాటు చేయండి. నేర్పడానికి కాదు, అడిగి చేయడానికి వెళ్లండి. నాలుగోది అన్నింటికన్నా కష్టం. మీ పక్కన పార పట్టేది మీకు నచ్చని దేశంవాడైతే అతన్ని వదులుకోకండి.

దీనికి వీసా అక్కర్లేని సాధన కూడా ఉంది. ఒకే ఆలయంలో కూర్చుంటూ ఏళ్ల తరబడి మాట్లాడుకోని కుటుంబాలు మన సంఘాల్లో లేవా? ఒకే ఊళ్లో ఉంటూ ఒకరి వీధిలో ఒకరు అడుగు పెట్టని విశ్వాసులు లేరా? అక్కడ ఒక గుంత పూడ్చలేని వాళ్లం సముద్రాలు దాటి ఏం కట్టగలం? పాదాలు కడగడానికి తువాలు కట్టుకున్న ప్రభువు శిష్యులకు సిద్ధపాటు అక్కడే, ఆ వీధి మొదట్లోనే ఆరంభమవుతుంది.