సముద్రగర్భమున ఛాయాచిత్రములు తీసిన లూయీ బూతాన్

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చు దినములలో కోనసీమ కాలువలో మునిగి కన్నులు తెరచిన బాలునకు తన చేయి తనకే కానరాదు. వరద తీసి నీరు తేరిన పిమ్మట అడుగునగల ఇసుక, గుల్లలు, చేపపిల్లలు కొంతవరకు కనబడును. అయినను నాలుగు బారల దూరము దాటినచో అంతయు మసక. నీరు వెలుతురును మ్రింగివేయును. అందును ఎఱ్ఱని వెలుగు ముందుగా నశించును. సముద్రములో మరికొంత లోతునకు పోయినచో నీలిచాయ మాత్రమే మిగులును. అట్టిచోట ఛాయాచిత్రము తీయుటకు ఎట్టి కెమేరా కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు సముద్రములోనికి దిగినవాడు లూయీ బూతాన్ అను ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు.

బూతాన్ 1859లో వెర్సాయి పట్టణమున జన్మించెను. నత్తజాతి జీవులను గూర్చి పరిశోధించి పండితుడయ్యెను. 1893 నాటికి ఆయన మధ్యధరా సముద్రతీరమునగల బన్యూల్స్ గ్రామమున, లకాజ్ దుతియే స్థాపించిన ఆరగో ప్రయోగశాలలో పనిచేయుచుండెను. లోహపు శిరస్త్రాణమును, బరువైన దుస్తులను ధరించి అడుగునకు దిగుట ఆయనకు అలవాటు. పడవలోనివారు పంపుతో గాలి నందించుచుండవలెను. గొట్టము తెగినచో బ్రదుకు దక్కదు. ఇంత సాహసించి చూచిన వింతలను పైకి వచ్చి చెప్పినచో వినువారికి కట్టుకథలవలె తోచును. వలతో పైకి లాగిన జీవి అప్పటికే ముడుచుకొని రంగు తప్పి యుండును. దానిని దాని యింటనే పటమున కెక్కించుట యొక్కటే మార్గము.

ఇంజనీరైన ఆయన సోదరుడు ఆగస్ట్ ఒక చిన్న కెమేరాను నీరు చొరని రాగిపెట్టెలో అమర్చి యిచ్చెను. పది మీటర్లు దిగినంతనే నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికి రెట్టింపగును. పెట్టె నలిగిపోకుండుటకు గాలి నింపిన రబ్బరు సంచి నొకదానిని దానికి తగిలించిరి. లోతు పెరిగినకొలది నీరు సంచిని నొక్కును. సంచిలోని గాలి పెట్టెలోనికి పోయి లోపలి ఒత్తిడిని సరిచేయును. ఇంత తేలికైన ఉపాయము పెద్ద యంత్రములలో కూడ అరుదు.

కాని వెలుతురు చాలలేదు. ఒక్కొక్క పటమునకు అరగంట వరకు కెమేరా కదలకుండ నిలువవలసి వచ్చెను. రాయి నిలుచును గాని చేప నిలుచునా? అందుచే బూతాన్ వెలుగును కూడ నీటిలోనికి తీసికొనిపోవ దలచెను. ప్రాణవాయువు నింపిన గాజుబుడ్డిలో మెగ్నీషియం తీగను మండించి చూచిరి. బుడ్డి పగిలిపోవు ప్రమాదముండెను. తరువాత పెద్ద పీపాపై గాజుగంట బోర్లించి, అందు స్పిరిటుదీపము నుంచి, రబ్బరుతిత్తిని నొక్కి మెగ్నీషియం పొడిని ఆ మంటపైకి ఊదించిరి. తళుక్కున వెలుగు పుట్టెడిది.

కెమేరా విషయమునను ఆయన ఒక్కదానితో తృప్తి చెందలేదు. పెట్టెలోనికి నీటిని రానిచ్చిన నేమగునని ఒక ప్రయత్నము చేసెను. అది ఫలింపలేదు. పిమ్మట పెద్ద గాజుపలకలు పట్టు బరువైన యంత్రమును చేయించెను. చిన్నది చేతికి లొంగును గాని పటము చిన్నది. పెద్దదానిని దింపుటకు పలువురు కావలెను గాని పటము విశాలము, స్పష్టము. బూతాన్ స్పష్టతనే కోరుకొనెను. నీటిలో ఒకే పటమునకు ఎంతో శ్రమపడు శాస్త్రజ్ఞునకు అదియే తగియున్నది.

1899లో విద్యుద్దీపములతో కూడిన కెమేరాను, మనిషి దిగకయే, 50 మీటర్ల లోతునకు దింపి పటము తీసెను. రుమేనియా శాస్త్రజ్ఞుడు ఎమిల్ రకోవిత్సా సముద్రపుటడుగున నిలిచియుండగా తీసిన చిత్రము చాల ప్రసిద్ధి. ఈ పరిశ్రమ నంతటిని వివరించు గ్రంథమును 1900లో ప్రకటించెను. అటుపై ఇండోచైనాకు వెళ్లెను. ముత్యములను గూర్చియు పరిశోధించెను.

బూతాన్ 1934లో కన్నుమూసెను. వేరే పెట్టెతో పనిలేక నీటిలోనికి దింపదగిన చేతికెమేరా, జాక్ కూస్తో మొదలగువారి పూనికచే, 1960 ప్రాంతమున గాని అంగళ్లకు రాలేదు. దానినే జపానువారు 1963లో నికోనోస్ అను పేరుతో వెలువరించిరి.