మల్లికార్జున పండితారాధ్యుల వంశము – గురుపరంపర

వసిష్ఠా తీరమందలి సఖినేటిపల్లి మొదలు గౌతమీ తీరమందలి కోటిపల్లి వఱకు గల గోదావరీ సీమ శివభక్తికి ఆటపట్టు. సఖినేటిపల్లికి చేరువనున్న అంతర్వేదిలో నృసింహస్వామితోపాటు నీలకంఠేశ్వరుడును పూజలందుకొనుచున్నాడు. కోటిపల్లికి చేరువనే పంచారామములలో నొకటైన దాక్షారామము కలదు. 12వ శతాబ్దమున ఆంధ్రదేశమునకు శివదీక్షా మార్గమును చూపిన మల్లికార్జున పండితారాధ్యులు ఆ దాక్షారామముననే జన్మించిరి.

వారి తండ్రి భీమన పండితుడు, తల్లి గౌరమ్మ. భీమేశ్వరుని కొలిచి కన్న బిడ్డడని సంప్రదాయము. వేదశాస్త్రములు ఇంటి విద్యగా అబ్బినవి. అయినను వారి జీవితమునకు దారి చూపినది ఇంటి విద్య కాదు, గురుకృప. కోటిపల్లి ఆరాధ్యదేవర వారికి దీక్ష నొసగెను. దేహము తల్లిదండ్రులది, లింగము గురువుది.

పండితారాధ్యులు రచించిన శివతత్త్వసారము నేటికిని నిలిచియున్నది. శివునే సంబోధించుచు సాగిన ఆ కంద పద్యములలో నేటికి లభించునవి సుమారు 490. శివుడే పరతత్త్వమని వేదప్రమాణముతో నిరూపించుట వారి మార్గము. శ్రీపతి పండితుడు, శివలెంక మంచన పండితుడు, మల్లికార్జున పండితుడు అను మువ్వురిని లోకము పండితత్రయమని కొనియాడినది.

తరువాతి కాలమున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో పండితారాధ్య చరిత్రమును రచించెను. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వతములను ఐదు ప్రకరణములుగా ఆ గ్రంథము నడచినది. అందలి వాదఘట్టము కఠినమైనది. చందవోలున వెలనాటి చోడుని సభలో పండితుడు బౌద్ధాచార్యుని వాదమున గెలిచెను. పిమ్మట భక్తులు ఆ ఆచార్యుని వధించిరి. రాజు ఆగ్రహించి పండితుని కన్నులు తీయించెననియు, శివానుగ్రహమున చూపు మరల వచ్చెననియు ఆ చరిత్రము చెప్పుచున్నది. మహిమను నమ్మినను, హింస మాత్రము భక్తులు గర్వింపదగిన విషయము కాదు.

పండితారాధ్యుల హృదయము తెలియునది బసవేశ్వరుని విషయముననే. కల్యాణమున బసవేశ్వరుడు జాతిభేదమును త్రోసిపుచ్చి శివభక్తులందఱును ఒక్కటే యని చాటెను. పండితారాధ్యులు ఆ మహాభక్తుని మనసార గౌరవించిరి. కాని పుట్టుకతో వచ్చిన బ్రాహ్మణ్యమును విడువజాలకపోయిరి. భక్తిమీద ప్రేమ ఒకవైపు, కులముతో పొత్తు వేఱొకవైపు తమ్ము పట్టి లాగుచున్నవని దాచక బసవేశ్వరునకే విన్నవించుకొనిరి. తమ కొఱతను తాము ఒప్పుకొనుట సామాన్యులకు సాధ్యమా? తుదకు బసవేశ్వరుని దర్శింప కల్యాణమునకు పయనమైరి. దారిలోనే బసవేశ్వరుడు లింగైక్యము చెందెనను వార్త చెవినిబడెను. కంటికి కానరాని ఆ సోదరునికై దుఃఖించి శ్రీశైలమునకు మరలి, అచటనే శివైక్యము నొందిరి.

ఆంధ్రదేశమందలి ఆరాధ్య కుటుంబములు నేటికిని వారిని మూలపురుషునిగా తలచుచున్నవి. వంశవృక్షము వ్రాయించుకొనువారు తాత ముత్తాతల పేర్లతోపాటు దీక్షాగురువుల పేర్లను గూడ వ్రాసికొనుట మేలు. భీమన పండితుని పేరెంత ముఖ్యమో కోటిపల్లి ఆరాధ్యదేవర పేరును అంత ముఖ్యము. పండితారాధ్యులు విడువజాలక విచారించిన భేదమును విడిచిపెట్టుటయే ఆయన సంతతి తీర్పదగిన ఋణము.